పాఠకుల ప్రశ్నలు: కంపెనీ నాటి వేలంపాటలు, భూముల అమ్మకాలు

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర మెట్ట పల్లె. పాత ఇల్లు విప్పుతున్నప్పుడు ఇనప్పెట్టెలో మా ముత్తాతగారి పేరున్న కాగితం ఒకటి దొరికింది. ‘ఫసలీ 1287’, ‘శిస్తు బకాయి నిమిత్తం’, ‘నూటికి 15 వంతున ధరావతు’ అన్న మాటలు చదవగలుగుతున్నాము. అడుగున కలెక్టరు కచేరీ ముద్ర ఉంది. ఎవరి పొలాన్నో ఆయన వేలంలో పాడుకున్నారని మాత్రం అర్థమైంది. కరువులో ఉన్నవాడి భూమిని అన్యాయంగా తీసుకున్నారేమోనని మా అమ్మగారు బాధపడుతున్నారు. ఈ కాగితాన్ని ఎలా చదవాలి?
(ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా)

జవాబు: ముందు తేదీ సంగతి చూద్దాం. ఫసలీ అంటే శిస్తు లెక్కలకు వాడిన రెవెన్యూ సంవత్సరం. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఆనాటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది కాబట్టి, మీ కాగితంలోని 1287 అంటే 1877 జూలై నుంచి 1878 జూన్ వరకు. అంటే ధాత కరువు అని మన పెద్దలు చెప్పుకునే కాలం. మీ అమ్మగారి అనుమానం ఆధారం లేనిది కాదు. అయితే కాగితం చెప్పేదేమిటో, చెప్పనిదేమిటో విడదీసి చూడాలి.

‘శిస్తు బకాయి నిమిత్తం’ అని ఉంది గనుక ఇది 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం కింద జరిగిన అమ్మకం. ఆ చట్టం ప్రకారం బకాయిదారు పేరు, భూమి ఉన్న చోటు, విస్తీర్ణం, దానిమీద శిస్తు, రావలసిన బకాయి, వేలం జరిగే తేదీ, స్థలం, షరతులు అన్నీ రాసి, వేలానికి కనీసం నెల రోజుల ముందుగా కలెక్టరు కచేరీలోను, తాలూకా కచేరీలోను, దగ్గరి పోలీసు ఠాణాలోను, ఆ పొలంలో అందరికీ కనబడే చోట ప్రకటన అంటించాలి. పాట ఎవరిమీద ఖాయమైతే వారు అక్కడికక్కడే ధరలో నూటికి 15 వంతు ధరావతు కట్టాలి. మిగతా సొమ్ము 30 రోజుల్లో చెల్లించకపోతే ధరావతు పోతుంది, భూమిని మళ్లీ పాటకు పెడతారు, రెండోసారి ధర తగ్గితే ఆ తరుగు కూడా మొదటి పాటగాడి నుంచే రాబడతారు. సొమ్మంతా చెల్లి, కలెక్టరు అమ్మకాన్ని ఖాయం చేశాకనే మీ చేతిలో ఉన్నటువంటి సర్టిఫికెట్టు ఇస్తారు.

ఆ 15 అన్న అంకెను జాగ్రత్తగా చూడమని మీకే కాదు, పాత దస్తావేజులు దాచుకున్న వారందరికీ చెబుతున్నాను. సివిల్ కోర్టు డిక్రీ అమలులో జరిగిన వేలమైతే ధరావతు నూటికి 25. ఈ రెండు అమ్మకాలకూ ఫలితంలో చాలా తేడా ఉంది. కోర్టు వేలంలో అప్పు పడినవాడికి ఆ ఆస్తిలో ఎంత హక్కు ఉన్నదో అంతే కొన్నవాడికి వస్తుంది. దానిమీద ముందే ఒక తనఖా ఉంటే అది కూడా వెంట వస్తుంది. శిస్తు బకాయి వేలంలో అలా కాదు. భూమిమీద ఉన్న తనఖాలు, తాకట్లు, ఇతర భారాలు అన్నీ తొలగిపోయి, శుభ్రమైన హక్కు కొన్నవాడికి దక్కుతుంది. సర్కారు బకాయి అన్ని బాకీలకన్నా ముందు లెక్కకు వస్తుందన్నది దాని వెనక ఉన్న సూత్రం. అందువల్ల ఒక రైతు కొద్దిపాటి శిస్తు చెల్లించలేకపోతే, అతనికి ఆ పొలంమీద పెద్ద మొత్తం అప్పిచ్చిన షావుకారు కూడా తన హామీని పోగొట్టుకునే ప్రమాదం ఉండేది. కొందరు షావుకార్లు రైతు తరఫున శిస్తు తామే కట్టడానికి ముందుకు రావడం వెనక దయ ఎంత ఉన్నా, ఈ లెక్క కూడా ఉంది.

ఇక మీ అమ్మగారి ప్రశ్న. పెట్టెలో సర్టిఫికెట్టుతోపాటు వేలం ప్రకటన నకలు కూడా ఉందేమో వెతకండి. ఉంటే అందులోని బకాయి మొత్తాన్ని, సర్టిఫికెట్టులోని ధరను పక్కపక్కన పెట్టి చూడండి. బకాయి, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము పాత యజమానికి చెందవలసిందే గాని సర్కారుకు కాదు. ధర బకాయికన్నా బాగా ఎక్కువగా ఉంటే, పోటీ మీద పాట సాగిందని, పాత యజమానికి ఎంతో కొంత ముట్టే వీలుందని అనుకోవచ్చు. బకాయికి సరిపడా దగ్గరే ధర ఆగిపోయి ఉంటే, ఆ రోజు కచేరీ ముంగిట పాడేవాళ్లు ఎక్కువమంది లేరని అర్థం. కరువు ఏడాదిలో అది సహజం. వేలంలో ధరను నిర్ణయించేది భూసారం ఒక్కటే కాదు. ఆ ఉదయం రొంటిని రొక్కం పెట్టుకుని రాగలిగినవారు ఎంతమంది అన్నదే ముఖ్యం. ధాత కరువులో అలాంటివారు తాలూకాకు కొద్దిమంది. మీ ముత్తాతగారు ఆ కొద్దిమందిలో ఒకరు. అంతవరకే ఈ కాగితం చెబుతుంది. ఆయన ఎవరినైనా పాటకు రాకుండా ఆపారా, పాత యజమానిని అదే పొలంలో కౌలుకు ఉండనిచ్చారా అన్నవి మీ ఊళ్లో ఆ పొలానికి ఇప్పటికీ ఏ ఇంటిపేరుతో పిలుపు ఉందో తెలుసుకుంటే కొంత తేలవచ్చు.

ప్రశ్న: ‘వేలం’ తెలుగు మాటేనా? ‘వేలంపాట’ అని పాటతో ఎందుకు కలిపి అంటారు?
(ఒక విద్యార్థిని, తెనాలి)

జవాబు: వేలం పోర్చుగీసు మాట. ఆ భాషలో ‘లెయిలావ్’ అన్నది ఓడరేవుల్లో సరుకు పాడి అమ్మే పద్ధతికి పేరు. ఆ మాట వారికి అరబ్బీ నుంచి వచ్చింది. తమిళంలో ఏలం, మలయాళంలో లేలం, హిందీలో నీలాం అన్నీ ఈ ఒక్క మాటకే రూపాలు. అంటే ఇంగ్లీషు కంపెనీ కచేరీలు రాకముందే తీరంలో ఈ మాట దిగిందన్నమాట. నిజాం రాజ్యంలోని తెలుగువారు మాత్రం ‘హర్రాజు’ అన్నారు, ఇప్పటికీ తెలంగాణలో వినబడుతుంది.

పాట మాత్రం అచ్చంగా మనది. ధరను గొంతెత్తి పలకడాన్ని మనవాళ్లు పాడటం అన్నారు. ‘ఎంతకు పాడావు’, ‘హెచ్చుపాట ఎవరిది’, ‘నా మీద పాట కొట్టేశారు’ అన్న వాడుకలు అందులోంచి వచ్చాయి. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని సాగదీసి పిలిచే కచేరీ బంట్రోతు గొంతు విన్నవారికి ఈ మాట ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది.

ప్రశ్న: జమీందారీ అంటే వంశపారంపర్యంగా వచ్చేదని విన్నాము. మరి కొందరు జమీందార్ల పూర్వీకులు వర్తకులని, వేలంలో కొన్నారని చెబుతారు. ఇది ఎలా సాధ్యమైంది?
(ఒక ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

జవాబు: రెండూ నిజమే. ఉత్తర సర్కారుల్లో, అంటే ఉత్తర కోస్తా జిల్లాల్లో, రెండు రకాల భూములు ఉండేవి. పాత జమీందార్ల ఏలుబడిలో ఉన్నవి ఒకటి. సర్కారు నేరుగా వసూలు చేసుకునే హవేలీ భూములు రెండోది. 1802లో 25వ రెగ్యులేషన్ ద్వారా మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు ఏర్పాటు చేసినప్పుడు, మొదటి రకం భూములకు పాత జమీందార్లకే సన్నదులు (హక్కు పత్రాలు) ఇచ్చి, ఏటా సర్కారుకు కట్టవలసిన పేష్కష్ ఖాయం చేసింది. హవేలీ భూములకు అలా ఇవ్వడానికి యజమానులు లేరు. కాబట్టి యజమానులను తయారుచేసింది. ఆ భూములను ఏటా 1,000 నుంచి 5,000 వరహాల పేష్కష్ వచ్చేలా ముఠాలు అనే చిన్న ఎస్టేట్లుగా కోసి, హెచ్చుపాటదారుకు అమ్మేసింది. తరువాత రూపాయి అధికార నాణెమైనప్పుడు నూరు వరహాలకు 350 రూపాయల లెక్క ఖాయం చేశారు. ఆ లెక్కన 3,500 నుంచి 17,500 రూపాయలు. వర్తకులు, దుబాసీలు (దొరల దగ్గరి ద్విభాషీ మధ్యవర్తులు), పొరుగు జమీందార్లు ఈ పాటల్లో పాడి ముఠాదార్లయ్యారు.

ఇక్కడ ఒక విషయం చాలామంది సరిగా గ్రహించరు. వేలంలో కొన్నది పొలం కాదు, ఒక బాధ్యత. పాడిన ధర కట్టాక, ఆ ముఠాకు ఖాయమైన పేష్కష్‌ను ఏటా కిస్తుల ప్రకారం కట్టవలసిందే. వాన కురిసినా కురవకపోయినా, ఏరు పొంగినా, మాఫీ అడిగే హక్కు లేదని రెగ్యులేషన్‌లోనే ఉంది. ఊళ్లనుంచి వచ్చేదానికీ సర్కారుకు కట్టేదానికీ మధ్య మిగులు ఎంత ఉంటుందని ఊహించారో దానికే పాటదార్లు ధర పెట్టారు. మంచి ఏళ్లు చూసి పాడినవారు చెడ్డ ఏళ్లలో మునిగారు. కిస్తు తప్పితే అదే ముఠా మళ్లీ వేలానికి వచ్చేది, రెండో కొనుగోలుదారు కూడా తప్పితే మూడోసారి వచ్చేది. కొనేవారే లేకపోతే నామమాత్రపు ధరకు సర్కారే తీసుకునేది. ఏ చేతులతో అమ్మిందో ఆ చేతులతోనే వెనక్కి తీసుకోవడం కొద్ది దశాబ్దాల్లోనే మొదలైంది.

పాత జమీందార్లకు కూడా ఈ గతి తప్పలేదు. గుంటూరు సీమ దీనికి బాధాకరమైన ఉదాహరణ. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1816లో మరణించాక ఆయన ఇద్దరు దత్తపుత్రుల మధ్య వారసత్వ తగాదా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ అనే అత్యున్నత అప్పీలు న్యాయస్థానం దాకా వెళ్లింది. ఒకవైపు వ్యాజ్యం ఖర్చులు, ఇంకోవైపు పెరుగుతున్న పేష్కష్ బకాయి, వీటికి తోడు నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, గుంటూరు కరువు వచ్చిపడింది. డొక్కల కరువని పేరు పడిన ఆ ఉపద్రవంలో లక్షకు పైగా జనం పోయారు. దున్నేవాడే లేని ఊళ్లమీద పేష్కష్ మాత్రం మారలేదు. 1840ల చివరికి గుంటూరు సీమలోని పెద్ద జమీందారీలు కంపెనీ వశమై, సర్కారే నేరుగా రైతునుంచి శిస్తు తీసుకునే రైతువారీలో కలిశాయి. జమీందార్ల దుబారా వల్లనే ఇదంతా జరిగిందని కలెక్టర్ల రాతల్లో పదేపదే కనిపిస్తుంది. దుబారా ఉన్నది నిజమే కాని, మనుషులు చచ్చిపోయిన ఊరికి, బతికున్న ఊరికి ఒకే పేష్కష్ రాసిన ఏర్పాటును తప్పించి ఆ మాట అనడం న్యాయం కాదని నా నమ్మకం.

ప్రశ్న: రైతువారీ గ్రామాల్లో కూడా బకాయి పడ్డ రైతు పొలాన్ని మొదటినుంచీ వేలం వేసేవారా?
(ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: చాలాకాలం వేయలేదు. దానికి కారణం దయ కాదు. శిస్తు అంత హెచ్చుగా ఉన్న రోజుల్లో చాలా మెట్టపొలాలకు అమ్మకపు విలువే లేదు. శిస్తు పోను ఏమీ మిగలని నేలను ఎవరు పాడుకుంటారు? వేలం వేసినా కొనేవాడు రాడు గనుక, బకాయిని రైతు ఒంటిమీదనుంచి రాబట్టేవారు. వేళ్లను నొక్కే కిట్టి, మండుటెండలో వంచి నిలబెట్టడం, వీపున రాయి ఎత్తడం వంటివి దిగువ ఉద్యోగుల చేతుల్లో సాధారణమైపోయాయి. ఈ సంగతి ఇంగ్లండు పార్లమెంటులో చర్చకు రావడంతో మద్రాసులో ఒక విచారణ సంఘం వేశారు. 1855లో వచ్చిన దాని నివేదిక, శిస్తు వసూలులో చిత్రహింస ఉన్నదని ఒప్పుకున్నది. నేను పైన చెప్పిన 1864 చట్టం ఆ తరువాత తొమ్మిదేళ్లకు వచ్చింది.

మధ్యలో మరొకటి కూడా జరిగింది. గోదావరిమీద ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, కృష్ణమీద బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. కాలవ నీరు తగిలిన పొలానికి శిస్తు కట్టినా మిగులుండే రోజులొచ్చాయి. మిగులుంటే ధర ఉంటుంది, ధర ఉంటే పాడేవాడుంటాడు. కిట్టి పోయి, వేలం చాటే టముకు రావడానికి చట్టం ఎంత కారణమో కాలవలు అంతే కారణం. ఊరి మధ్య టముకు వేయించి ఒకరి పొలం వేలానికి వచ్చిందని చాటితే ఆ ఇంటివారు పడే అవమానం చిన్నది కాదు. అయినా వేళ్లు విరిచే కిట్టితో దాన్ని సమానం చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించలేను.

ప్రశ్న: బందరు ఒకప్పుడు అంత పెద్ద వర్తక కేంద్రం కదా, పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి వర్తకులు సముద్ర వ్యాపారం వదిలి భూములవైపు ఎందుకు మళ్లారు?
(ఒక పాఠకురాలు, మచిలీపట్నం)

జవాబు: సముద్రం వారిని వదిలింది అనడం సరైనది. 1611లో ఇంగ్లీషువారు కోఠీ (వర్తక స్థావరం) పెట్టిన నాటినుంచి బందరు పేరు నిలబెట్టింది కలంకారీ అద్దకం గుడ్డ. పర్షియా దేశానికి అది చాలాకాలం వెళ్లింది. మాంచెస్టరు మిల్లుల అచ్చు గుడ్డ చవగ్గా దిగడంతో, పందొమ్మిదో శతాబ్దం మొదటి భాగంలోనే ఆ ఎగుమతి కుంగిపోయింది. మరోవైపు రేవు పూడిపోతూ వచ్చింది. పెద్ద ఓడలు ఒడ్డుకు మైళ్ల దూరంలో లంగరు వేస్తే సరుకును పడవల్లో చేర్చవలసి వచ్చేది. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగి పత్తి ధర విపరీతంగా పెరిగినప్పుడు కూడా, కృష్ణా, గుంటూరు మండలాల నల్లరేగడి పత్తి చాలావరకు కాకినాడ రేవునుంచి వెళ్లింది. అందుకే మన ప్రాంతపు పత్తికి బయటి మార్కెట్లలో ‘కాకినాడ’ రకమని పేరు పడింది. ఆ యుద్ధకాలంలోనే, 1864 నవంబరు 1 రాత్రి, ఉప్పెన బందరుమీద విరుచుకుపడి సుమారు 30,000 మందిని బలి తీసుకున్నది. గిడ్డంగులు, పడవలు, అప్పుపత్రాలు ఒక్క రాత్రిలో పోయిన వర్తకుడికి మళ్లీ సముద్రంమీద పెట్టుబడి పెట్టే ధైర్యం రాకపోవడం విడ్డూరం కాదు.

అదే సమయంలో పడమటి వైపున కాలవలు పారుతున్నాయి. బెజవాడనుంచి బందరుకు కాలవలో ధాన్యం పడవలు నడుస్తున్నాయి. డెల్టా రైతుకు కిస్తు కట్టే వేళ, ధాన్యం ధర పడిపోయి ఉండే వేళ ఒక్కటే. అప్పుడు అతనికి రొక్కం కావాలి. రొక్కం ఉన్నది వర్తకుడి దగ్గర. అప్పు తనఖాగా మారి, తనఖా డిక్రీగా మారి, డిక్రీ కోర్టు వేలంగా మారి, భూమి చేతులు మారడం ఒక్కో కుటుంబంలో పదిపదిహేనేళ్ల కథ. 1859లో సివిల్ ప్రొసీజర్ కోడ్ వచ్చాక ఈ దారి స్పష్టంగా ఏర్పడింది. అందరు వర్తకులూ భూస్వాములు కాలేదు. రైతుల్లోనే కాలవ కింద నాలుగు రాళ్లు వెనకేసుకున్నవారు ఎక్కువగా పాడుకున్నారు, అప్పులిచ్చినవారిలోనూ వారు తక్కువ కాదు. డెల్టా భూములన్నీ షావుకార్ల పాలయ్యాయన్న మాట అందువల్ల పూర్తిగా సరికాదు.

ప్రశ్న: భూములు కాక ఇంకేమేమి వేలం వేసేవారు?
(ఒక పాఠకుడు, ఏలూరు)

జవాబు: ఏటా ఆదాయం వచ్చే హక్కు ఏదైనా పాటకు వచ్చేది. 1802 రెగ్యులేషన్‌లోనే ఉప్పు, సాయరు (సరుకు రవాణా) సుంకాలు, ఆబ్కారీ (సారా, కల్లు) వంటివి జమీందారుకు చెందవని, సర్కారువేనని మినహాయించారు. ఆ కారణంగా జమీందారీ ఊళ్లలో కూడా సారా అమ్మే హక్కును కలెక్టరే పాటకు పెట్టేవాడు. రేవు దాటించే పడవ, చెరువులో చేపలు, బాట పక్కన చింతచెట్ల ఫలసాయం, సంత సుంకం కూడా పాటకు వచ్చేవి. 1866లో బందరు, గుంటూరు మునిసిపాలిటీలు ఏర్పడ్డాక, పట్టణంలోకి వచ్చే బండ్లమీద సుంకం వసూలు చేసే హక్కునూ గుత్తకు ఇచ్చేవారు. వీటిలో ఏడాది గుత్తే గాని సొత్తు మారదు కాబట్టి, పాడినవాడు ఆ ఏడాదిలోనే తన సొమ్ము రాబట్టుకోవాలని చూసేవాడు. రేవు దగ్గర, సుంకం గేటు దగ్గర జనం పడిన ఇబ్బందులకు మూలం ఇదే.

ప్రశ్న: బినామీ కొనుగోళ్లు ఆ రోజుల్లో కూడా ఉండేవా? ఉద్యోగులు తమ కిందివారి పేరున పాడేవారని విన్నాము.
(మొదటి ప్రశ్న అడిగిన పాఠకుడే)

జవాబు: ఉండేవి. ‘బినామీ’ పారశీక మాట, పేరు లేనిది అని అర్థం. కచేరీలో ఏ భూమి ఎప్పుడు పాటకు వస్తుందో, దాని నిజమైన రాబడి ఎంతో బయటివారికన్నా ముందు తెలిసేది కచేరీ ఉద్యోగులకు, ఊరి కరణానికి. ఊరి లెక్కలు కరణం చేతిలో ఉండేవి. పంట తక్కువని రాస్తే పొలం ధర తగ్గుతుంది, ధర తగ్గాక తన బంధువు పాడుకోవచ్చు. గుంటూరు జిల్లా రెవెన్యూ వ్యవహారాలు చెడిపోయాయని మద్రాసు ప్రభుత్వం 1845లో వాల్టర్ ఇలియట్‌ను విచారణకు పంపింది. అమరావతి స్తూపం శిల్పాలను తవ్వించి మద్రాసుకు చేర్చినది కూడా ఈయనే. కచేరీ ఉద్యోగులు, కరణాలు కలిసికట్టుగా లెక్కలు మార్చిన తీరు ఆ విచారణలో బయటపడింది.

ఆ అనుభవాల తరువాత వచ్చిన చట్టాల్లో జాగ్రత్తలు కనిపిస్తాయి. అమ్మకంతో సంబంధమున్న ఉద్యోగి పాడకూడదన్న నియమం సివిల్ కోర్టుల నియమావళిలో చేరింది. 1864 చట్టం కింద, పాడేవాడు తన కోసం పాడుతున్నాడా, మరొకరి తరఫున పాడుతున్నాడా అని అడగవచ్చు. మరొకరి తరఫున అయితే వారిచ్చిన రాతపూర్వకమైన అధికారం దాఖలు చేయాలి. మీ ముత్తాతగారి సర్టిఫికెట్టులో పేరు దగ్గర ‘స్వంతానికి’ అని గాని, ‘ఫలానావారి తరఫున’ అని గాని ఏదైనా మాట ఉందేమో భూతద్దం పెట్టి చూడండి. రెండో మాట ఉంటే, ఆ పొలం ఆయనకు దక్కిందో లేదో తేల్చడానికి దాని తరువాతి దస్తావేజులు కావాలి. అవి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ ఊరి పేరుతో వెతికించవచ్చు.